ఓరుగల్లు ఎండను తట్టుకునే ప్రాసెసర్ కూలర్: ఎంచుకోవడం, బిగించడం ఎలా?

మార్చి నెలాఖరుకు హనుమకొండలో ఎండ ముదురుతుంది. అప్పటి నుంచి జూన్‌లో తొలి వానలు పడేదాకా నన్ను అడిగేవాళ్ల ప్రశ్న ఒక్కటే: "కంప్యూటర్ ఫ్యాను హోరెత్తిపోతోంది, ఆట మధ్యలో నెమ్మదిస్తోంది, ఒక్కోసారి దానంతట అదే ఆగిపోతోంది. కొత్త కూలర్ వేస్తే బాగవుతుందా? నేనే బిగించుకోవచ్చా?" చాలాసార్లు రెండింటికీ అవుననే జవాబు. ఫోనులో ముక్కలు ముక్కలుగా చెబితే ముఖ్యమైనది ఏదో ఒకటి జారిపోతోంది. అందుకే మొత్తం ఒక్కచోట రాస్తున్నాను.

మన దగ్గర ఎయిర్ కూలర్ అంటే కిటికీ దగ్గర పెట్టి నీళ్లు పోసేదే గుర్తొస్తుంది. ఇక్కడ చెబుతున్నది ప్రాసెసర్ మీద కూర్చునే కూలర్ గురించి. రాగి గొట్టాలు, వాటికి గుచ్చిన పలుచని అల్యూమినియం రేకులు, పక్కన ఒక ఫ్యాను. గొట్టాలు వేడిని పైకి మోసుకెళ్తాయి, రేకులు దాన్ని పరుస్తాయి, ఫ్యాను గాలి ఊడ్చుకుపోతుంది. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

ఒక్క సంగతి మాత్రం మనసులో పెట్టుకోండి. ఈ కూలర్ ప్రాసెసర్‌ను గదిలోని గాలికంటే చల్లగా ఎప్పటికీ ఉంచలేదు. విదేశాల్లో కూలర్లను పరీక్షించేవాళ్లు సాధారణంగా 20 నుంచి 25 డిగ్రీల గదిలో పరీక్షిస్తారు. వరంగల్‌లో మే నెలలో బయట 43, 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. రామగుండం వైపు ఇంకా ఎక్కువ. ఏసీ లేని మేడమీది గదిలో మధ్యాహ్నం మూడింటికి 38, 40 డిగ్రీలు మామూలే. వాళ్ల పరీక్షలో 65 డిగ్రీలు చూపిన కూలర్ మన గదిలో 80 చూపిస్తుంది. కూలర్‌ను జనవరిని చూసి కాదు, మే నెలను చూసి కొనాలి.

ముందు, అసలు కావాలా?

కొనేముందు పాత కూలర్‌లో దుమ్ము చూడండి. పత్తి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల ఇళ్లలో సన్నని దూది పోగులు గాలిలో తేలుతుంటాయి. గోదావరిఖని, భూపాలపల్లిలో బొగ్గు దుమ్ము, కరీంనగర్ గ్రానైట్ క్వారీల పక్క ఊళ్లలో రాతి పొడి. ఇవన్నీ ఫ్యానుకూ రేకులకూ మధ్య చేరి దుప్పటిలా కప్పేస్తాయి. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి దూరదు. మెత్తటి బ్రష్‌తో దులిపి, పాత థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే, వేడిని దాటించే ముద్ద) తీసి కొత్తది రాస్తేనే పది డిగ్రీలు తగ్గిన కంప్యూటర్లు చూశాను. దానికి రెండు, మూడు వందలకు మించి ఖర్చు కాదు.

రెండోది, మీ క్యాబినెట్ ఎక్కడుందో చూడండి. చాలా ఇళ్లలో కంప్యూటర్ టేబుల్ కింద మూడు వైపులా చెక్కతో మూసిన గూడు ఉంటుంది, క్యాబినెట్‌ను అందులో దూర్చేస్తారు. వెనకనుంచి వెళ్లిన వేడి గాలి మళ్లీ ముందుకే తిరిగి వస్తుంది. ఒకరోజు బయటికి తీసి, గోడకు జానెడు దూరంలో పెట్టి చూడండి. అప్పటికీ వేడి తగ్గకపోతే కూలర్ గురించి ఆలోచించండి.

ప్రాసెసర్‌తో పాటు పెట్టెలో ఉచితంగా వచ్చిన చిన్న కూలర్‌నే వాడుతూ గంటల తరబడి ఆటలు ఆడేవాళ్లకు, వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకు మన ఎండల్లో మంచి కూలర్ తప్పదు. కేవలం టైపింగ్, ఆన్‌లైన్ తరగతులు, దరఖాస్తులు నింపడం వరకే అయితే డబ్బు దాచుకోండి.

ఎంచుకోవడం

మొదట సాకెట్, అంటే మదర్‌బోర్డు (అన్ని భాగాలూ తగిలే పెద్ద పలక) మీద ప్రాసెసర్ కూర్చునే చోటు. మీ మదర్‌బోర్డు మోడల్ పేరు వెతికితే సాకెట్ ఏదో తెలుస్తుంది. ఇంటెల్ 12, 13, 14 తరాలకు ఎల్‌జీఏ 1700, అంతకుముందు 10, 11 తరాలకు ఎల్‌జీఏ 1200. ఈ రెండింటికీ కూలర్ బిగించే రంధ్రాల మధ్య దూరం వేరు: 1200లో 75 మి.మీ., 1700లో 78 మి.మీ. అంటే 2021కి ముందు తయారైన పాత కూలర్‌ను ఎవరైనా చవగ్గా ఇస్తామంటే, పెట్టెలో 1700 బ్రాకెట్ ఉందా అని అడగండి. 2024లో వచ్చిన ఎల్‌జీఏ 1851కి 1700 రంధ్రాల కొలతే సరిపోతుంది. ఏఎండీ రైజెన్ 5000 వరకు ఎక్కువగా ఏఎం4, 7000 నుంచి ఏఎం5. ఏఎం4 కూలర్లలో మదర్‌బోర్డుతో వచ్చిన బ్యాక్‌ప్లేట్‌నే (బోర్డు వెనక ఉండే బిగింపు పలక) వాడుకునేవి ఏఎం5కి కూడా పనికొస్తాయి. సొంత బ్యాక్‌ప్లేట్ వేయాల్సినవి పనికిరావు, ఎందుకంటే ఏఎం5లో ఆ ప్లేట్ సాకెట్‌కే బిగించి ఉంటుంది, ఊడదు.

తర్వాత ఎత్తు. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. టవర్ కూలర్లు (రేకుల దొంతర నిటారుగా నిలబడేవి) చాలావరకు 150 నుంచి 165 మి.మీ. ఎత్తు ఉంటాయి. డీప్‌కూల్ ఏకే400 155 మి.మీ., నాక్టువా ఎన్‌హెచ్-డీ15 165 మి.మీ. మీ క్యాబినెట్ ఎంత ఎత్తు కూలర్‌ను పట్టుకుంటుందో దాని వివరాల పట్టీలో రాసి ఉంటుంది. పట్టీ లేదా? పక్క తలుపు తీసి, ప్రాసెసర్ పైభాగం నుంచి తలుపు ఉండే అంచు వరకు స్కేలుతో కొలవండి. పాత కూలర్ అడ్డుగా ఉంటే మదర్‌బోర్డు ఉపరితలం నుంచి కొలిచి 8 మి.మీ. తీసేయండి. వచ్చినదానికంటే కనీసం 3 మి.మీ. తక్కువ ఎత్తున్న కూలర్ తీసుకోండి. తలుపుకు అద్దం ఉంటే ఈ ఖాళీ విషయంలో అసలు రాజీ పడకండి. తలుపును నొక్కి మూయడం వల్ల పగిలిన అద్దాన్ని నేను కళ్లారా చూశాను.

ర్యామ్ కూడా చూసుకోండి. రంగు దీపాలున్న ర్యామ్ కడ్డీలు పొడుగ్గా ఉంటాయి. ఒక్క ఫ్యాను, ఒక్క టవర్ ఉన్న కూలర్లలో చాలావరకు ర్యామ్‌కు అడ్డురావు. జంట టవర్లవి అడ్డొస్తాయి. అప్పుడు ముందు ఫ్యానును కాస్త పైకి జరపాలి, జరిపితే ఎత్తు మళ్లీ పెరుగుతుంది. ఇది మర్చిపోయి కొన్నవాళ్లున్నారు.

ఇక శక్తి. పెట్టె మీద 65 వాట్లు అని ఉంటే ప్రాసెసర్ ఎప్పుడూ అంతే వాడుతుందని అనుకోవద్దు. ఐ5-12400 మీద 65 అని ఉన్నా ఒత్తిడిలో 117 వాట్ల వరకు తీసుకోగలదు. ఐ7-12700 కూడా పేరుకు 65 వాట్లదే, గరిష్ఠంగా 180 వరకు వెళ్తుంది. ఐ7-14700కె అయితే 253. ఏఎండీలో రైజెన్ 5 7600 పేరుకు 65, నిజానికి 88 వరకు. ఈ రెండో అంకెను చూసి కూలర్ కొనండి.

నా లెక్క ఇలా ఉంటుంది. గరిష్ఠం 120 వాట్ల లోపయితే నాలుగు రాగి గొట్టాలు, 120 మి.మీ. ఫ్యాను ఉన్న ఒంటి టవర్ కూలర్ మన వేసవికి చాలు. ఇలాంటివి దాదాపు 1,500 నుంచి 3,000 రూపాయల మధ్యలో దొరుకుతాయి. 120 నుంచి 180 వాట్ల మధ్య ఉంటే ఆరు గొట్టాల జంట టవర్. అంతకుమించిన ప్రాసెసర్లకు జంట టవర్ వేసినా సరే, బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరిచే మదర్‌బోర్డు సెట్టింగుల తెర) శక్తి పరిమితిని తగ్గించి వాడమనే చెబుతాను. వేగంలో తగ్గేది కొద్దిగానే, వేడిలో తగ్గేది చాలా ఎక్కువ.

నీటి గొట్టాల లిక్విడ్ కూలర్ మేలు కాదా అని అడుగుతారు. పెద్ద ప్రాసెసర్లకు దాని ఉపయోగం దానికి ఉంది. కానీ దానికి పంపు ఉంటుంది, పంపు చెడితే మొత్తం మార్చాలి. గాలి కూలర్‌లో చెడేది ఫ్యాను ఒక్కటే. 120 మి.మీ. ఫ్యాను హనుమకొండలోనూ కరీంనగర్‌లోనూ కంప్యూటర్ దుకాణాల్లో అదేరోజు దొరుకుతుంది. ఆ ధైర్యం కోసమే నేను గాలి కూలర్ వైపు మొగ్గుతాను. మీకు కావాల్సిన మోడల్ ఇక్కడ లేకపోతే కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లవచ్చు. సీటీసీ అంటే అక్కడ అందరికీ తెలుసు. వెళ్లేముందు కొలతలు కాగితం మీద రాసుకుని వెళ్లండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

పొడుగాటి స్టార్ స్క్రూడ్రైవర్, వీలైతే కొనకు అయస్కాంతం ఉన్నది. థర్మల్ పేస్ట్ (కూలర్‌తో చిన్న గొట్టం వస్తుంది, మళ్లీ విప్పాల్సి వస్తే కావాలి కాబట్టి ఇంకొకటి ఉంచుకోండి). ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఇది మొబైల్ రిపేరు దుకాణాల్లో తప్పకుండా ఉంటుంది. నూలు రాలని మెత్తటి గుడ్డ. టార్చి. స్క్రూలు వేసుకోవడానికి ఒక స్టీలు గిన్నె. గది ఉష్ణోగ్రత చూపే చిన్న థర్మామీటర్.

చేతులు కడుక్కునే శానిటైజర్‌తో పేస్ట్ తుడవకండి, అందులోని జిగురు పదార్థం ప్రాసెసర్ మీద పొరలా మిగిలిపోతుంది. గోళ్ల రంగు తీసే ద్రవం అసలే వద్దు.

పని టేబుల్ మీద చేయండి. కింద జంపఖానా పరిచి కూర్చుంటే హాయిగానే ఉంటుంది, కానీ దాని నేతలోకి జారిన చిన్న స్క్రూ సాయంత్రం దాకా దొరకదు. పని జరుగుతున్నంతసేపు గది ఫ్యాను కూడా ఆపండి, దుమ్ము పేస్ట్ మీద వాలకుండా ఉంటుంది.

బిగించే పద్ధతి

1. ముందు పాత అంకెలు రాసుకోండి. ఉష్ణోగ్రతలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం వేసుకుని, ప్రాసెసర్‌కు పూర్తి పని పెట్టే సినీబెంచ్ పది నిమిషాలు నడపండి. ప్రాసెసర్ గరిష్ఠ ఉష్ణోగ్రత, అదే సమయంలో గది ఉష్ణోగ్రత, రెండూ కాగితం మీద పెట్టండి. ఇది చేయకపోతే కొత్త కూలర్ వల్ల ఎంత మేలు జరిగిందో మీకు ఎప్పటికీ తెలియదు.

2. కంప్యూటర్ ఆపండి, వెనక ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే పెట్టె) స్విచ్ ఆపండి, తీగ పీకేయండి. తర్వాత పవర్ బటన్‌ను ఐదారు సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. రంగు వేయని లోహపు భాగాన్ని ఒకసారి తాకండి, ఒంట్లోని స్థిర విద్యుత్తు దిగిపోతుంది. లోపల తీగలు ఎలా ఉన్నాయో ఫోనుతో రెండు మూడు ఫొటోలు తీసుకోండి.

3. క్యాబినెట్‌ను పడుకోబెట్టండి, మదర్‌బోర్డు నేలకు సమాంతరంగా ఉండాలి. ఇప్పుడు రెండో పక్క తలుపు కూడా తీసి, ప్రాసెసర్ వెనక భాగంలో క్యాబినెట్ రేకుకు పెద్ద రంధ్రం ఉందో లేదో చూడండి. ఉంటే మదర్‌బోర్డు విప్పకుండానే పని అవుతుంది. లేకపోతే, మీ కూలర్‌కు కొత్త బ్యాక్‌ప్లేట్ వేయాల్సి ఉంటే, మదర్‌బోర్డును బయటికి తీయక తప్పదు. దానికి ఇంకో గంట కేటాయించుకోండి, తొందరపడవద్దు.

4. పాత కూలర్ తీయడం. ఫ్యాను తీగ ముందు ఊడదీయండి. ఇంటెల్‌ది అయితే నాలుగు మూలల్లో ప్లాస్టిక్ మేకులుంటాయి. ఒక్కోదాన్ని తల మీద గీసిన బాణం దిశలో తిప్పి పైకి లాగాలి.

ఏఎం4 వాడేవాళ్లు ఇక్కడ ఆగి చదవండి. ఏఎం4 ప్రాసెసర్ కింద వందల కొద్దీ సన్నని పిన్నులుంటాయి. ఎండిన పేస్ట్ కూలర్‌ను ప్రాసెసర్‌కు జిగురులా అతికించేస్తుంది. నేరుగా పైకి లాగితే సాకెట్ తాళం వేసి ఉన్నా ప్రాసెసర్ కూలర్‌తో పాటు ఊడి వచ్చేస్తుంది. నాకే జరిగింది. కూలర్ చేతిలోకి వచ్చాక తిప్పి చూస్తే అడుగున ప్రాసెసర్ వేలాడుతోంది, ఒక మూలన నాలుగు పిన్నులు పక్కకు వాలి ఉన్నాయి. లెడ్ మార్చుకునే సన్నని మెకానికల్ పెన్సిల్ ములికిలోని లెడ్ తీసేసి, ఆ ఖాళీ గొట్టాన్ని ఒక్కో పిన్నుకు తొడిగి, ఊపిరి బిగబట్టి నిలబెట్టాను. గంటన్నర పట్టింది. మీకు ఆ గంటన్నర రాకూడదు. అందుకని రెండో అంచెలో కంప్యూటర్ ఆపే ముందే పది నిమిషాలు ఏదైనా ఆట నడిపి ప్రాసెసర్‌ను వేడెక్కించి, ఆపిన వెంటనే పని మొదలుపెట్టండి. స్క్రూలు లేదా కొక్కేలు విడిపించాక కూలర్‌ను పైకి లాగకుండా కుడికీ ఎడమకూ మెల్లగా మెలితిప్పండి, సీసా మూత తిప్పినట్టు. జారుతున్నట్టు తెలిశాకే ఎత్తండి.

ఏఎం5, ఇంటెల్ సాకెట్లలో ప్రాసెసర్‌ను లోహపు చట్రం నొక్కి పట్టుకుంటుంది కాబట్టి ఈ భయం లేదు. మెలితిప్పే అలవాటు మాత్రం అక్కడా మంచిదే.

5. ప్రాసెసర్ పైనున్న పాత పేస్ట్‌ను గుడ్డకు ఆల్కహాల్ తడిపి తుడవండి. ద్రవాన్ని నేరుగా ప్రాసెసర్ మీద పోయకూడదు. మెరిసే లోహం మీది అక్షరాలు శుభ్రంగా చదవగలిగేదాకా తుడిచి, రెండు నిమిషాలు ఆరనివ్వండి. సాకెట్ పక్కల్లోకి పేస్ట్ వెళ్లనివ్వకండి.

6. కొత్త కూలర్ బ్రాకెట్లు బిగించండి. ఇంటెల్‌కు సాధారణంగా వెనక నుంచి బ్యాక్‌ప్లేట్ పెట్టి, ముందు నుంచి నాలుగు స్టాండులు తిప్పాలి. బ్యాక్‌ప్లేట్ మీద 1200, 1700లకు వేర్వేరు రంధ్రాలుంటాయి, గుర్తు చూసి సరైనది వాడండి. ఏఎండీలో పాత ప్లాస్టిక్ బ్రాకెట్ల నాలుగు స్క్రూలు విప్పి వాటి చోట కొత్తవి వేయాలి. ఏఎం4లో ఆ స్క్రూలు విప్పగానే వెనక బ్యాక్‌ప్లేట్ ఊడిపోతుంది. ఒక చేత్తో వెనకనుంచి ఆనించి పట్టుకోండి, లేదా టేపు వేయండి. బ్రాకెట్ల దిశ చూసుకోండి: టవర్ నిలబడ్డాక ఫ్యాను గాలి క్యాబినెట్ ముందు నుంచి వెనక్కి వెళ్లాలి.

7. పేస్ట్ లేకుండా ఒకసారి కూలర్‌ను ఊరికే ఆనించి చూడండి. ర్యామ్ తగులుతోందా, తలుపు పడుతోందా, తీగ ఎక్కడైనా నలుగుతోందా? ఇప్పుడు తెలిస్తే ఒక్క నిమిషంలో సర్దుకోవచ్చు. పేస్ట్ రాశాక తెలిస్తే మళ్లీ తుడుచుకోవాలి.

8. కూలర్ అడుగున అంటించిన పారదర్శక ప్లాస్టిక్ పొరను పీకేయండి. ఇది చదివాక మళ్లీ ఒకసారి అడుగును వేలితో కాకుండా కంటితో చూడండి, టార్చి వేసి. ఆ పొరతోనే బిగించి "కొత్త కూలర్ పాతదానికంటే అధ్వాన్నం" అని ఫోను చేసినవాళ్లే నాకు ఎక్కువ. అడుగున బూడిదరంగు పేస్ట్ ముందే రాసి ఉంటే దాన్ని తాకవద్దు, వేరే పేస్ట్ కలపవద్దు, తొమ్మిదో అంచె వదిలేయండి.

9. పేస్ట్ రాయడం. ప్రాసెసర్ నడిమధ్యలో పెసరగింజంత ఒక చుక్క, నాలుగు మూలల వైపు ఆవగింజంత నాలుగు చుక్కలు. ఎల్‌జీఏ 1700, ఏఎం4, ఏఎం5 అన్నిటికీ ఇది సరిపోతుంది. చిన్న పాత ప్రాసెసర్‌కు మధ్యలో ఒక్క చుక్క చాలు. వేలితో పూయకండి. పేస్ట్ పని రెండు లోహాల మధ్య కంటికి కనిపించని గుంటల్ని నింపడం మాత్రమే. ఎక్కువైతే అదే అడ్డుగోడ అవుతుంది, అంచుల నుంచి కారుతుంది.

10. కూలర్‌ను నిటారుగా దించండి. దించాక ఎత్తి చూడకండి, ఎత్తితే పేస్ట్ మధ్యకు గాలి బుడగలు చేరతాయి. ఎత్తాల్సి వస్తే తుడిచి మళ్లీ రాయండి. స్క్రూలను ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదాని దగ్గరకు వెళ్లవద్దు. రెండు స్క్రూలదైతే ఇటు రెండు చుట్లు, అటు రెండు చుట్లు. నాలుగైతే ఎదురెదురు మూలలుగా, కారు చక్రానికి నట్లు బిగించినట్టు. స్ప్రింగు ఉన్న స్క్రూ దానంతట అదే ఒకచోట ఆగుతుంది. అక్కడితో ఆపండి, బలం చూపించాల్సిన పని లేదు.

11. ఫ్యానును తీగ క్లిప్పులతో టవర్‌కు తగిలించండి. ఏ వైపు నుంచి గాలి వస్తుందో తెలియకపోతే ఫ్యాను వెనక చూడండి: నాలుగు కాళ్లు, మధ్యలో స్టిక్కరు కనిపించే వైపు నుంచి గాలి బయటికి వస్తుంది. ఆ వైపు రేకులకు ఆని ఉండాలి. ఫ్యాను ర్యామ్ వైపు, గాలి వెనక ఫ్యాను వైపు.

12. నాలుగు పిన్నుల తీగను మదర్‌బోర్డు మీద సీపీయూ ఫ్యాను అని రాసి ఉన్న చోటే పెట్టండి. పక్కనే ఉన్న క్యాబినెట్ ఫ్యాను పిన్నులకు పెడితే కంప్యూటర్ ఆన్ చేయగానే ఫ్యాను లేదన్న హెచ్చరికతో ఆగిపోవచ్చు. తీగను రెక్కలకు తగలకుండా కట్టండి.

తలుపు మూయకుండానే ఆన్ చేసి, ఫ్యాను తిరుగుతోందో కళ్లతో చూసి, నేరుగా బయోస్‌లోకి వెళ్లండి. అక్కడ ఐదు నిమిషాలు ఉంచినా ఉష్ణోగ్రత గది కంటే పది, ఇరవై డిగ్రీలు ఎక్కువలో నిలకడగా ఉంటే పని బాగానే జరిగినట్టు. చూస్తుండగానే 80, 90కి ఎగబాకితే వెంటనే ఆపేయండి.

సరిగ్గా కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది?

ప్రాసెసర్ ఉష్ణోగ్రత ఒక్కదాన్నే చూసి మంచిదనీ చెడ్డదనీ చెప్పకండి. దానిలోంచి గది ఉష్ణోగ్రత తీసేయండి. మిగిలేదే కూలర్ అసలు పనితనం. నా రైజెన్ 5 5600ఎక్స్‌ను చూడండి. పెట్టెతో వచ్చిన చిన్న కూలర్‌తో మే మధ్యాహ్నం గది 39 ఉన్నప్పుడు 93 చూపించింది, తేడా 54. ఆ ప్రాసెసర్ తట్టుకునే హద్దు 95. ఒంటి టవర్ వేశాక అదే గదిలో 79, తేడా 40. తర్వాత జనవరిలో గది 24 ఉన్నప్పుడు 64 చూపింది. తేడా అదే 40. జనవరిలో 64 చూసి సంబరపడి, మే నెలలో 79 చూసి కూలర్ పాడైందని విప్పదీయాల్సిన పని లేదు. తేడా మారలేదంటే కూలర్ బాగుంది. జనవరిలో 40 ఉన్న తేడా మే నాటికి 50 అయితే దుమ్ము పేరుకుంది, లేదా పేస్ట్ ఎండింది.

మళ్లీ సినీబెంచ్ పది నిమిషాలు నడిపి, రాసుకున్న పాత తేడాతో పోల్చండి. ఇంటెల్ 12 నుంచి 14 తరాలకు హద్దు 100 డిగ్రీలు, రైజెన్‌లలో ఎక్కువగా మోడల్‌ను బట్టి దాదాపు 90 లేదా 95. మే నెలలో పూర్తి ఒత్తిడిలో 85 దాటకుండా ఉంటే నిశ్చింతగా ఉండండి. రైజెన్ 7000లో పేరు చివర ఎక్స్ ఉన్నవి మాత్రం వేరు. అవి హద్దు దాకా వెళ్లి అక్కడే పనిచేసేలా తయారయ్యాయి, ఏ కూలర్ పెట్టినా 95 చూపించవచ్చు. వాటికి ఉష్ణోగ్రత కాకుండా క్లాక్ స్పీడ్ (ప్రాసెసర్ పనిచేసే వేగం) పెరిగిందా అని చూడండి. అంత వేడి ఇష్టం లేకపోతే బయోస్‌లో ఎకో మోడ్ (ప్రాసెసర్ శక్తిని తగ్గించే సెట్టింగు) పెట్టుకోండి. మన వేసవికి అది చక్కగా సరిపోతుంది.

అంకెలు బాగాలేకపోతే ఉష్ణోగ్రత ఎలా పెరిగిందో గమనించండి, జబ్బు అక్కడే తెలుస్తుంది. పరీక్ష మొదలైన ఒకటి రెండు సెకన్లలోనే హద్దుకు చేరిందంటే వేడి కూలర్‌లోకి ఎక్కడం లేదు: ప్లాస్టిక్ పొర మిగిలింది, ఒక స్క్రూ వదులుగా ఉంది, లేదా పేస్ట్ చాలలేదు. పది, పదిహేను నిమిషాలకు మెల్లగా పైకి వెళ్లిందంటే కూలర్ బాగానే పట్టింది, క్యాబినెట్‌లోంచి వేడి గాలి బయటికి పోవడం లేదు. తలుపు తీసి అదే పరీక్ష చేయండి. ఐదారు డిగ్రీలు తగ్గితే ముందు ఒక ఫ్యాను, వెనక ఒక ఫ్యాను ఉన్నాయా, గాలి ఒకే దిశలో వెళ్తోందా చూసుకోండి. వెనక ఫ్యానును తలకిందులుగా బిగించి, కూలర్ ఫ్యానుకు ఎదురు ఊదేలా పెట్టిన క్యాబినెట్లు చాలా తారసపడ్డాయి.

విప్పాల్సి వస్తే, కూలర్ తీయగానే తుడిచేయకుండా పేస్ట్ ముద్ర చూడండి. ప్రాసెసర్ మొత్తం పలుచగా, సమంగా పరుచుకుంటే బిగింపు సరైనదే. ఒక మూల మందంగా, ఎదురు మూల ఖాళీగా ఉంటే స్క్రూలు సమంగా బిగియలేదు. నడుమ మాత్రమే గుండ్రంగా ఉండి అంచులు మెరుస్తుంటే పేస్ట్ తక్కువైంది.

ఫ్యాను మోత ఎక్కువగా ఉంటే బయోస్‌లో దాని వేగం సర్దుకోవచ్చు. మన గదుల్లో ప్రాసెసర్ ఖాళీగా ఉన్నా 50 డిగ్రీలు ఉంటుంది కాబట్టి, 55 వరకు ఫ్యాను నెమ్మదిగా, 80కి పూర్తి వేగంగా పెడితే అనవసరంగా హోరెత్తదు.

వేసవిలో, ప్రయాణాల్లో

గదిలో నీళ్ల కూలర్ వాడితే దాని గాలి నేరుగా క్యాబినెట్‌కు తగలనివ్వకండి. గది చల్లబడితే ప్రాసెసర్‌కూ మంచిదే, కానీ గాలితో వచ్చే సన్నని తుంపర లోపల పడితే ప్రమాదం, బోరు నీళ్లయితే ఉప్పు పొర కూడా పేరుకుంటుంది. నీళ్ల కూలర్‌ను ఇంకో వైపు తిప్పి, ఎదురుగా కిటికీ కాస్త తెరిచి ఉంచండి.

దుమ్ము దులపడం పత్తి సీజన్ ముగిశాక ఒకసారి, మార్చిలో ఎండలు ముదరకముందు ఒకసారి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి, గాలికి విపరీతంగా తిరిగితే బేరింగు దెబ్బతింటుంది. పేస్ట్‌ను రెండు మూడేళ్లకు ఒకసారి మారిస్తే చాలు, తేడా పెరగకపోతే అప్పుడు కూడా ముట్టుకోకండి.

హాస్టల్ నుంచి బతుకమ్మ, దసరా సెలవులకు కంప్యూటర్‌ను ఊరికి తీసుకెళ్లేవాళ్లకు ఒక జాగ్రత్త. టవర్ కూలర్ అరకిలో పైనే బరువుంటుంది, ఎన్‌హెచ్-డీ15 లాంటిది ఫ్యాన్లతో కలిపి 1.3 కిలోలు. క్యాబినెట్ నిలబెట్టి బస్సులో పెడితే ప్రతి గుంతకూ ఆ బరువంతా మదర్‌బోర్డుకు అడ్డంగా వేలాడుతుంది. మదర్‌బోర్డు కింద, కూలర్ పైన ఉండేలా క్యాబినెట్‌ను పడుకోబెట్టి తీసుకెళ్లండి, కింద మెత్తటి దుప్పటి వేయండి. జంట టవరైతే ఫ్యాన్లు తీసి విడిగా పెట్టుకోండి, వీలైతే కూలరే విప్పండి. ఊరు చేరాక ఆన్ చేసే ముందు పక్క తలుపు తీసి, కూలర్‌ను రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా కదిపి చూడండి. కదిలితే స్క్రూలు బిగించి, పేస్ట్ కొత్తగా రాసి, ఆ తర్వాతే స్విచ్ వేయండి.